సవరణ: యాంటెన్నా పడవ అడుగున కాదు

రేడియో కంట్రోల్ పడవల మీద మొన్న పెట్టిన పోస్టులో, రిసీవర్ (పడవలో ఉండి రిమోట్ సిగ్నల్‌ను అందుకునే పరికరం) యాంటెన్నాను పడవ అడుగున టేపుతో అంటించేస్తే చాలని రాశాను. అది తప్పు. 27, 40 మెగాహెర్ట్జ్ పాత సెట్లతో కొంతవరకు నడిచేది గానీ, ఇప్పుడు వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను నీళ్లు ఇట్టే పీల్చేస్తాయి. యాంటెన్నా నీటిమట్టానికి పైనే, డెక్కు కింద వీలైనంత ఎత్తులో ఉండాలి. రిసీవర్ నుంచి వచ్చే తీగ చివర సుమారు 3 సెంటీమీటర్ల సన్నటి ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని మడవకూడదు, కత్తిరించకూడదు. రెండు తీగలుంటే ఒకదానికొకటి లంబంగా పెట్టాలి.

ఇదంతా రిసీవర్‌తో వచ్చిన మాన్యువల్‌లోనే ఉంది, నేనే చదవలేదు. ఒడ్డు దగ్గర చక్కగా తిరిగే చుక్కాని, పడవ కాస్త దూరం వెళ్లగానే మొరాయిస్తుంటే సర్వోని (చుక్కానిని తిప్పే చిన్న మోటారుని) అనుమానించి మార్చేశాను కూడా! తీగను పైకి జరిపాక ఆ పాత సర్వోనే మళ్లీ బిగించాను.