అద్దె కట్టని మా మొదటి గెస్టుకి

మహారాజశ్రీ ప్లాన్ అప్రూవల్ ఫైలు గారికి,

బెంగళూరులో మారతహళ్ళి దాటాక ఒక సందులో నలభై-అరవై అడుగుల సైటు కొని, అందులో పీజీ, అంటే పేయింగ్ గెస్టు హాస్టలు కడదామని ఆశపడ్డ మదనపల్లెవాడు వ్రాయునది. ఇక్కడ మేము అంత క్షేమంగా లేము. మీరు మాత్రం ఏ టేబుల్ మీదున్నా క్షేమంగానే ఉంటారని తెలుసు.

మీరు మాకు మొదటి గెస్టు. మా బిల్డింగ్‌కి ఇంకా పునాది కూడా పడలేదు గానీ, మీ బసకి మాత్రం పదకొండో నెల నడుస్తోంది. గుమాస్తా టేబుల్ మీద ఆరు వారాలు, పై ఆఫీసరు బీరువాలో ఎండాకాలమంతా. నెత్తిన ఫ్యాను, పక్కన దేవుడి పటం, పదకొండింటికి కాఫీ.

కాఫీ అంటే గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో మీ మీద ఒక క్వెరీ పడింది: 'రెండో అంతస్తు మెట్ల పక్కన గుండ్రని నిర్మాణం ఏమిటి? వివరణ ఇవ్వగలరు.' మా ఇంజనీరు, బావ, నేను ముగ్గురం మా కాపీ నేలమీద పరిచి ఒక సాయంత్రమంతా వెతికాం. ఎక్కడా గుండ్రనిదేదీ లేదు. వాటర్ ట్యాంకేమోనని బావ, దిష్టి తగిలిందేమోనని అక్క. చివరికి ఆఫీసుకెళ్ళి మిమ్మల్నే తెరిచి చూస్తే తేలింది. అది కాఫీ గ్లాసు మరక. ఒకచోట కాస్త తెగి, మిగతాదంతా కాంపాస్‌తో గీసినంత చక్కగా ఉంది. ఆ మాటే చెప్తే గుమాస్తా గారు నొచ్చుకుని, రాసివ్వండి అన్నారు. 'సదరు వృత్తము నిర్మాణము కాదు, కాఫీ' అని కన్నడంలో రాయించి, మా ఇంజనీరు చేత సంతకం పెట్టించి, సీలు వేయించి ఇచ్చాం. ఇప్పుడు ఆ కాగితం కూడా మీ కడుపులోనే ఉంది.

అంతా ఆన్‌లైన్ కదా, ఈ కాగితాలెందుకని నేనూ అడిగాను. ప్రింటు తీసి ఇస్తే తప్ప ఆన్‌లైన్ కదలదట.

ఈ ఊళ్ళో 'నంబికె నక్షె' అని ఒక పథకం ఉంది. నమ్మకం నక్షా అన్నమాట. యాభై-ఎనభై సైటు దాకా, నాలుగు కుటుంబాలు మించని ఇళ్ళకి అందులో త్వరగా పని జరుగుతుంది. మాది పీజీ కాబట్టి మా మీద ఆ నమ్మకం వర్తించదు. ఇంతకీ పీజీ ఇల్లా, దుకాణమా అన్నది మామూలు ప్రశ్న కాదు లెండి. 2023లో బెంగళూరులోనే, ఇది ఇల్లు కాదు, 12 శాతం జీఎస్టీ కట్టాల్సిందే అని జీఎస్టీ అథారిటీ వాళ్ళు తేల్చారు. మరుసటేడు జీఎస్టీ కౌన్సిల్ వాళ్ళు, నెలకి 20,000 లోపు అద్దెతో కనీసం 90 రోజులు ఉండేవాళ్ళకైతే అక్కర్లేదన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దవాళ్ళు పీజీ కట్టి చూడు అనలేదు. మనమంటే వాళ్ళకి కాస్త జాలి ఉన్నట్టుంది.

1990లలో ఇక్కడ తలుపుల మీద 'నాళె బా' అని రాసేవారట. మనవైపు 'ఓ స్త్రీ రేపు రా' అని గోడల మీద రాసుకోలేదూ, అదే. దయ్యం వచ్చి, చదివి, మర్యాదగా వెనక్కి పోయి, మర్నాడు మళ్ళీ వచ్చేదట. మీ గుమ్మం ముందు 'నాళె బన్ని' అని వినివినీ నాకిప్పుడు ఆ దయ్యం మీద గౌరవం పెరిగింది. పాపం, దానికి జిరాక్సులు కూడా అడగలేదు.

మీరు రాలేదని మేమేం ఖాళీగా కూర్చోలేదు. 2024లో వచ్చిన రూల్ ప్రకారం పీజీలో మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకి 135 లీటర్ల నీళ్ళు ఉండాలి. మా లెక్క 48 మంచాలు, అంటే రోజుకి 6,480 లీటర్లు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల వెంట పరుగులు పెట్టిన ఊరిది, కాబట్టి ఆ అంకె రాసుకున్న రాత్రి బావ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు సున్నం డబ్బా తెచ్చి, ఖాళీ సైట్లో 70 చదరపు అడుగుల గడి గీసి, చాప పరిచి పడుకుని చూశాడు. 'కాళ్ళు చాపుకోవచ్చురా' అన్నాడు. ఆ గడిలో ఇప్పుడు సందులోని నల్లకుక్క పడుకుంటోంది. సరిగ్గా గీతల లోపలే. రూల్ తెలిసిన కుక్క.

మా వెనక సందులో ఒకాయన ఏ ఫైలూ పెట్టకుండా అయిదంతస్తులు లేపేశాడు. 'ఆంధ్రా భోజనం' అని బోర్డు పెట్టి, మంచాలన్నీ నింపేసి, మొన్న మాకు గృహప్రవేశం స్వీట్లు కూడా పంపాడు. ఆయనకి ఫైలు లేదు కనుక ఆలస్యం కూడా లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీళ్ళు ఇవ్వొద్దని 2024 డిసెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి మాటే, కాదనను. ఆ సర్టిఫికెట్ కావాలంటే ప్లాన్ ప్రకారం కట్టాలి, కట్టాలంటే ప్లాన్ బయటికి రావాలి. అది మీ పొట్టలో ఉంది.

2025 సెప్టెంబర్లో నగరపాలిక ఒకటి కాస్తా అయిదయింది. అన్నదమ్ముల పంపకాల్లో మీరు ఎవరి వాటాకి వచ్చారో ఇంకా తెలియలేదు. అడిగితే 'సార్ ఇన్‌స్పెక్షన్‌గె హోగిద్దారె', అంటే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళారు అన్నారు. మా సైటుకైతే రాలేదు. వస్తే కుక్క చెప్పేది.

పీజీల్లో ఒక నియమం ఉంటుంది, మీకూ తెలిసే ఉంటుంది. ఖాళీ చేసేముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలి, లేకపోతే అడ్వాన్సు వాపసు రాదు. మీ విషయంలో ఆ నియమం సడలిస్తున్నాం. నోటీసు అక్కర్లేదు, పాత అద్దె అడగం, కాఫీ ఖర్చు మాదే. ఈ రాత్రికే ఖాళీ చేసినా సరే, గేటు పదింటికి వేయించను.

ఇట్లు,
ఓనరు (కాబోయే)