కాలిన రెసిస్టర్ రంగుల్ని నమ్మకండి

మాడి మసైపోయిన రెసిస్టర్ ఫోటో ఒకటి పంపి "అన్నా, దీని వాల్యూ ఎంత?" అంటాడు ఒకడు. "10కే (10 కిలో ఓమ్‌లు) వేసెయ్" అంటాడు ఇంకొకడు, అదేం సర్క్యూటో కూడా అడక్కుండా. చూసి చూసి విసుగొస్తోంది.

రెసిస్టర్ వాల్యూని దాని మీది రంగు చారలే చెప్తాయి. వేడి తగిలితే ఎరుపూ ఆరెంజూ రెండూ బ్రౌన్‌లా కనిపిస్తాయి. బ్రౌన్ కాస్తా నల్లబడుతుంది. ఆ చారల్ని జూమ్ చేసి వాల్యూ చెప్పడం జాతకం చెప్పడం లాంటిదే. ఎల్లో, వయొలెట్ పక్కన ఎరుపుంటే 4.7కే, ఆరెంజ్ ఉంటే 47కే. ఒక్క చార దగ్గర పొరబడితే పదింతల తేడా!

కార్బన్ ఫిల్మ్ రకం (లోపల పల్చటి కార్బన్ పొర ఉండేది) మధ్యలో కాలి తెగితే ఇంకా ఆశ ఉంటుంది. బోర్డు నుంచి తీసి, పై పూతని బ్లేడుతో మెల్లగా గీకండి. మీటర్ ప్రోబ్ ఒకటి కాలుకి, రెండోది తెగినచోటికి ఇవతల ఫిల్మ్ మీద ఆనించండి. అవతలి వైపు నుంచీ అలాగే. ఒకవైపు 2.1కే, రెండోవైపు 2.3కే వచ్చిందనుకోండి, మొత్తం 4.4కే. కాలిపోయిన భాగం కూడా కొంత ఉంటుంది కాబట్టి అసలుది 4.7కే అయ్యుండాలి. అయితే వాల్యూ 5 శాతం అటూఇటూ ఉండే రకాల్లో 5.1కే కూడా దొరుకుతుంది, పైగా వేడికి ఫిల్మ్ వాల్యూ మారొచ్చు. నేనైతే దీంతోనే ఆగను. స్టీరియో ఆంప్లిఫయర్ అయితే బాగున్న రెండో ఛానెల్లో అదే రెసిస్టర్‌ని ఒక కాలు లేపి కొలుస్తా. అంతకు మించిన సాక్ష్యం లేదు.

అసలు నా కోపం వేరే. అది ఎందుకు కాలిందని ఒక్కరూ అడగరు! ఎస్‌ఎంపీఎస్‌లో (స్విచింగ్ పవర్ సప్లైలో) స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ మాస్‌ఫెట్, దాని సోర్స్ అనే కాలు దగ్గరుండే 0.22 ఓమ్ లాంటి చిన్న రెసిస్టర్ కాలిందంటే, చాలాసార్లు మాస్‌ఫెట్ షార్ట్ అయ్యుంటుంది. రెసిస్టర్ ఒక్కటే మార్చి పవర్ ఇస్తే కొత్తదీ పోతుంది. కరెంట్‌కి హద్దు పెట్టేది అదే కాబట్టి ఎక్కువ వాల్యూ వేస్తే లోడ్ పడగానే సప్లై ఆగిపోతుంది, తక్కువ వేస్తే ఆ కాపలా పోతుంది. ఇక మెయిన్స్ దగ్గరి ఫ్యూజిబుల్ రెసిస్టర్ బదులు మామూలుది వేసేవాళ్లకి దణ్ణం. మంట లేకుండా తెగడానికే కదా దాన్ని అక్కడ పెట్టింది!

కాబట్టి పవర్ తీసి, పెద్ద కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, ముందు మాస్‌ఫెట్ చూడండి. ఐసీ నంబరు, ఆ రెసిస్టర్ రెండు కాళ్లూ ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో రాసి అడగండి. డేటాషీట్ తెరిచి లెక్కేద్దాం.