జాతకం చూసి చిక్కం

కుక్క కరిచాక చర్య తీసుకోవడం పాత పద్ధతి. కరవకముందే తల వెడల్పు, దవడ బలుపు చూసి తీసుకోవడం నాగరికత. అందుకే పిట్‌బుల్‌తో సహా 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపించండని 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాస్తే, మా బరంపురంలో మొదటి చప్పట్లు నావే. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంబంధించినవాళ్లను సంప్రదించలేదట! పెళ్లిచూపుల్లో పిల్లనే సంప్రదించని దేశంలో ఇదేం పట్టింపు?

పుట్టుకను బట్టి నేరం రాసేయడం మనకేం కొత్త? 1871లో తెల్లదొరలు కొన్ని తెగలను పుట్టుదొంగలని చట్టంలోకెక్కించారు. 1952 దాకా నడిచింది. దొంగతనాలు తగ్గాయా అని అడగడం మర్యాద కాదు. ఇంగ్లండులో 1991 నుంచి పిట్‌బుల్‌ నిషేధం. ఏది పిట్‌బుల్లో అక్కడ తేల్చేది రూపురేఖలు, కొలతలే. నెదర్లాండ్స్‌వాళ్లు మాత్రం కాట్లు తగ్గలేదని 2008లో నిషేధం ఎత్తేశారు. పట్టుదల లేని జనం.

అమెరికాది మరీ విడ్డూరం. 2007లో మైకేల్ విక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో యాభైకి పైగా పందెం పిట్‌బుల్స్ దొరికాయి. చంపేయడమే మేలన్నారు కొందరు. తీరా ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిస్తే చాలామటుకు బతికి బయటపడ్డాయి. కొన్నయితే రోగుల్ని ఓదార్చే కొలువులో చేరాయి. ఒక్కొక్కదాన్నీ విడిగానట! అంత తీరిక మనకెక్కడిది?

నా గోడూ కొంత చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసును వదిలి ఒడిశాలో కలిసింది. అప్పట్నుంచీ మేం భువనేశ్వర్‌లో తెలెంగాలం, విశాఖలో ఒరియావాళ్లం. అద్దె ఇంటికి వెళ్తే రెండుచోట్లా ముందు మా దవడే కొలుస్తారు.

మా వీధి కుర్రాడొకడు మేడ మీద పిట్‌బుల్‌ని కట్టేసి ఫొటోలు దిగేవాడు. ఉత్తరం సంగతి పేపర్లో పడ్డ వారానికి అది ఊరి చివర కుక్కల షెల్టర్ గేటుకి కట్టేసి కనిపించింది, మెడ నిండా గొలుసు కోతతో. నెలలు గడిచినా అడిగినవాడు లేడు. వచ్చినవాళ్లు బోను మీది చీటీ చదివేవారు, ఆ తర్వాత భయపడేవారు. పాలవాడి కొడుక్కి ఇంకా చదువు రాదు. వాడు దాని నోట్లో బిస్కెట్టు పెట్టేవాడు. పిల్లలకు అక్షరాలు రాకపోతే ఎంత ప్రమాదమో షెల్టర్ కుర్రాడికి గట్టిగానే చెప్పాను.

అంతలో వానకు చీటీ తడిసి అక్షరాలు కరిగిపోయాయి. ఆ ఆదివారమే మా మేనమామ వచ్చాడు, రిటైరైన తహసీల్దారు. అది చెయ్యి నాకేసరికి ఉబ్బిపోయి, "ఏటి జాతిరా ఇది?" అన్నాడు.

"ఏటో బాబూ, ఈ ఊరిదే" అన్నాడు షెల్టర్ కుర్రాడు.

"అయితే మనోడే" అని ఇంటికి తోలుకుపోయాడు.

నేను ఊరుకుంటానా? టేపు పట్టుకుని వారం వారం వెళ్తున్నాను. దవడ కొలుద్దామని వంగితే మొహమంతా నాకేస్తోంది. ఒక్క అంకె సరిగా రావడం లేదు.