హస్తవాసికి తీరిక ఇవ్వాలి

సిజేరియన్ అయిన మర్నాడు దగ్గు వచ్చిందంటే బాలింతకు ప్రాణసంకటం. కుట్లు ఎక్కడ విచ్చుకుంటాయోనని బిగబడుతుంది. బిగబట్టినకొద్దీ కఫం ఛాతీలో పేరుకుంటుంది. అనుభవమున్న సిస్టర్ వచ్చి, దుప్పటిని నాలుగు మడతలు వేసి పొట్టమీద ఉంచి, ‘రెండు చేతులతో అదిమిపట్టుకుని దగ్గమ్మా’ అంటుంది. నొప్పి పోదు కానీ, ఓర్చుకోగలిగేంతకు దిగుతుంది. మాత్ర లేదు, సూది లేదు.

మోకాళ్ల మధ్య దిండు పెట్టి ఒత్తిగిలించడం, వాపుమీద గుడ్డలో చుట్టిన మంచు ఉంచడం, టీకా వేసేటప్పుడు బిడ్డకు తల్లిపాలు పట్టించడం కూడా మందు లేకుండా నొప్పి తగ్గించే ఇలాంటి పద్ధతులే. వీటిని ఉత్త ఓదార్పుగా కొట్టిపారేయడం తప్పు. దెబ్బ తగిలిన చోటును ఎవరూ చెప్పకుండానే రుద్దుకుంటాం. ఆ స్పర్శ నొప్పి సంకేతాలను వెన్నుపాములోనే కొంత అడ్డుకుంటుందని 1965లో నొప్పిపై పరిశోధించిన శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. ప్రసవ సమయంలో నొప్పికి ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు మర్దన, కాపడం, శ్వాస సాధన, సంగీతం వంటివి అందించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది.

ఒక మాట మేం స్పష్టంగా చెప్పదలచాం. ఇవి మందుకు తోడే తప్ప బదులు కావు. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి మార్ఫిన్ అందించకుండా ఊపిరి గట్టిగా తీసుకోమనడం క్రూరత్వం. కాపడమూ అందరికీ పడదు. మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదాలకు వేడి సంచి పెడితే, బొబ్బలెక్కేదాకా రోగికే తెలియదు. ఎవరికి ఏది, ఎంతసేపు అన్నది చదువుకున్న నర్సు చూసి తేల్చవలసిన విషయం.

అలా చూడటానికి తీరిక కావాలి. పురుటి నొప్పి వచ్చిన ప్రతిసారీ నడుం నొక్కిపట్టాలంటే పక్కనే ఉండాలి కదా! బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రాత్రి గడిపినవారికి ఆ లెక్క ఎంత దూరాన ఉందో తెలుసు. సెలైన్లు, ఇంజెక్షన్లు, రిజిస్టర్లు ముగిసేసరికి తెల్లవారుతుంది.

ఖాళీ పోస్టులు నింపడమే మొదటి పని. జ్వరం, రక్తపోటు రాసినట్టే నొప్పి తీవ్రతనూ కేస్ షీటులో రాయాలి. నర్సు ఏం చేసిందో, ఆ తర్వాత ఎంత తగ్గిందో అందులోనే ఉండాలి. తోడు వచ్చిన తల్లికో అత్తకో నడుం నొక్కే పద్ధతి ప్రసవ గదిలోనే నేర్పవచ్చు. మంచానికొక అదనపు దిండు ఇవ్వాలి. ఇప్పుడు ఎన్నో వార్డుల్లో ఆ దిండును ఇంటివాళ్లే బస్సెక్కి మోసుకొస్తున్నారు.