అసలు సిసలు నకిలీ కావలెను

పాఠకులకు, సంబంధిత అధికారులంటూ ఎవరైనా ఉంటే వారికి, ముందుగా ఒక మనవి. నేను మోసపోయాను. మోసపోవడం నాకు కొత్తేమీ కాదు, ఓటు హక్కు వచ్చినప్పటి నుంచీ అలవాటైన పనే. కానీ ఈసారి మోసంలో కొంచెం మెలిక ఉంది కాబట్టి నలుగురిలో చెప్పుకోక తప్పడం లేదు. నకిలీ అని తెలిసే ఒక పెన్ను కొన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే అది నకిలీ.

కొన్నది హీరో 616. చైనా పెన్ను. నలభై దాటిన తెలుగువాళ్ళలో దాని పేరు వినని వాళ్ళు తక్కువ. చలికాలం తెల్లవారుజామున దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టిన మనిషిలా, పాళీ అంతా లోపల దాచుకుని కొన ఒక్కటే చూపిస్తుంది. పార్కర్ కంపెనీ 1941లో అమెరికాలో బయటపెట్టిన 51 అనే పెన్ను పోలికే ఇది. చైనావాళ్ళు ఈ సంగతి దాచుకోనూ లేదు. షాంఘైలో 1931లో హువాఫూ పేరుతో మొదలైన కర్మాగారమే తర్వాత హీరో అయింది. 1958లో, దేశమంతా గ్రేట్ లీప్ ఫార్వర్డ్ (ఒక్క గెంతులో పరిశ్రమల్లో ముందుకు దూకాలన్న సర్కారు ఉద్యమం) ఊపులో ఉన్నప్పుడు, 'హీరో పార్కర్‌ని అందుకోవాలి' అని నినాదం ఇచ్చుకుని మరీ పనిలోకి దిగారు. మన దగ్గర కాపీ కొడితే 'స్ఫూర్తి పొందాం' అంటాం. వాళ్ళకా మొహమాటం కూడా లేకపోయింది. ఆ ఊపులో పుట్టింది హీరో 100. దానికి చవకరకం తమ్ముడు ఈ 616.

మా నాన్నగారికి ఒక హీరో ఉండేది. బంగారు రంగు క్యాపు, మెరూన్ రంగు ఒళ్ళు. తెల్లచొక్కా జేబుకి అది లేకపోతే ఆయన గుమ్మం దాటేవారు కాదు. పాళీ ఒక చేతికి అలవాటు పడితే ఇంకో చేత్తో రాస్తే పాడైపోతుందన్నది ఆయన సిద్ధాంతం కాబట్టి, ఇంట్లో ఎవరం దాన్ని ముట్టుకునే ప్రశ్నే లేదు. పరీక్షల ముందు మాత్రం దేవుడి పటం దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, మా చేతికిచ్చి, దణ్ణం పెట్టుకోనిచ్చి, మళ్ళీ జేబులో పెట్టుకునేవారు. పరీక్ష మేం రాసింది రీఫిల్ పెన్నుతోనే. ఆయన దాన్ని 'ఫారిన్ పెన్ను' అనేవారు. ఏ ఫారినో ఎవరూ అడగలేదు. 1962 యుద్ధం గురించి చైనాని తిట్టీ తిట్టీ అలిసిపోయి, ఆ తిట్లనే ఆ పెన్నుతో డైరీలో రాసుకుని, 'పాళీ అంటే ఇదిరా' అని మురిసిపోయేవారు.

ఆ మురిపెం కోసమే నేను కోఠీ వెళ్ళింది. చిన్న దుకాణం, గాజుబీరువా, వెనకాల కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన పెద్దాయన. ఆయన ఇచ్చిన పెన్ను తీసుకుని ఇంటికొచ్చి, భూతద్దం పెట్టి చూశాను. హీరో 616 క్యాపు పెడితే 'టిక్' మనాలి. నాది 'తుస్' మంది. క్యాపు మీద అక్షరాలు, రాత్రి పెళ్ళిలో తిని పొద్దున్నే సంతకం పెట్టినవాడి చేతిరాతలా వంకర్లు పోయాయి. పెన్ను విప్పితే, సిరా నింపడానికి నొక్కే రబ్బరు గొట్టం మీద లోహపు తొడుగు అగ్గిపెట్టె రేకంత పల్చన. కలాల గురించి తెలిసిన ఒక మిత్రుడికి ఫొటోలు పంపాను. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పినట్టు, గొంతు తగ్గించి చెప్పాడు: 'ఫేక్ హీరో అండీ. బజారు నిండా ఇవే. ఒరిజినల్ 616 దొరకడం ఇప్పుడు కష్టం.'

ఒరిజినల్ 616! పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత మనకుంది. ఆ నక్కని చూసి ఇంకో నక్క వాత పెట్టుకుంటే ఏమనాలో మన పెద్దవాళ్ళు చెప్పలేదు. వాళ్ళ కాలంలో నక్కలకి అంత గిరాకీ ఉండి ఉండదు.

మర్నాడే మళ్ళీ కోఠీ వెళ్ళాను.

'ఇది డూప్లికేటు కదండీ?' అన్నాను.

'అవును సార్. హీరో అంటేనే పార్కర్‌కి డూప్లికేటు కదా. మీకు తెలీకుండా ఇచ్చానా?'

'అది కాదండీ. ఇది ఆ డూప్లికేటుకి డూప్లికేటు.'

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, జాలిగా చూశాడు. 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ సార్. ఆ లెక్కన ఇది ఒరిజినల్ కిందికొస్తుంది. ఇంకా మీదగ్గర తక్కువే తీసుకున్నా.'

గణితం ముందు వాదించి గెలిచినవాడెవడు? తిరిగొచ్చేశాను. మా ఆవిడ ఒక్కటే అడిగింది: 'ఏమండీ, రాస్తోందా, లేదా?' రాస్తోంది. శుభ్రంగా రాస్తోంది. కానీ సమస్య అది కాదని ఆమెకి చెప్పడానికి ప్రయత్నించి, కూర మాడుతోందన్న కారణం మీద ఆ చర్చ వాయిదా పడింది. అందుకే ఈ వ్యాసం.

అసలంటే ఏమిటన్నది తేలితే నకిలీ సంగతి తేల్చడం సులువని, ముందు అసలు వంశవృక్షాలు తిరగేశాను. పార్కర్‌ది అమెరికాలోని విస్కాన్సిన్‌, జేన్స్‌విల్ ఊరు, 1888 నాటి మాట. 1993లో దాన్ని జిలెట్ కొంది. గడ్డం గీసే బ్లేళ్ళ కంపెనీ. గీత ఎక్కడైనా గీతేనని కాబోలు. 2000లో మళ్ళీ చేతులు మారి న్యూవెల్ అనే కంపెనీ పాలైంది. షేఫర్ అన్న మరో అమెరికన్ పెన్నుల పెద్దమనిషి 2022లో బెంగళూరు కంపెనీ విలియం పెన్ చేతికొచ్చాడు. మూడుమూలల పట్టుతో స్కూలు పిల్లల కోసం 1980లో సఫారీ పెన్ను చేసిన జర్మనీ లామీని 2024లో జపాన్‌కి చెందిన మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ కొనేసింది. అంటే సఫారీని చూసి చైనాలో జిన్‌హావ్ కంపెనీ 599 అనే పెన్ను చేస్తే, జర్మన్ సంస్కృతికి అన్యాయం జరిగిందని మనం ఇప్పుడు జపాన్ తరఫున బాధపడాలి. ఇంత దూరపు చుట్టరికం మైలకి మా ఇంట్లో స్నానం కూడా చెయ్యం.

పార్కర్ 51 సంగతి మరీ ఘోరం. తన పాత పేరుని పార్కరే ఈ మధ్య మళ్ళీ తవ్వి తీసి, కొత్త 51 వదిలింది. పాతది క్యాపు నొక్కితే పడేది, కొత్తదానికి తిప్పి బిగించాలి. నింపడానికి కార్ట్‌రిడ్జి (సిరా నింపి అమ్మే గొట్టం), లేదంటే కన్వర్టరు (సిరా మనమే నింపుకునే గొట్టం). పాత అభిమానులు ఇదెక్కడి 51 అని గొల్లుమన్నారు. ఇంకోపక్క చైనాలో వింగ్ సంగ్ అనే పేరుతో (చైనా భాషలో దాని అర్థం 'చిరంజీవి' లాంటిదే) 601 అని ఒకటి వస్తోంది. 1940ల నాటి 51లో సిరా పీల్చుకోవడానికి వెనకాల నొక్కే బుడిపె ఉండేది చూశారూ, దాన్ని అలాగే పెట్టారు. క్యాపు కూడా నొక్కితే పడేదే. కన్నకొడుకేమో ఇల్లమ్ముకుని అపార్టుమెంటుకి పోతే, పక్కింటి కుర్రాడొచ్చి తిథి తప్పకుండా తద్దినం పెడుతున్నాడు. వారసుడెవరో ఏ కోర్టు తేల్చాలి?

బరువు ప్రకారం తేలుస్తారా అంటే అదీ కుదిరేలా లేదు. ఆల్ప్స్‌లోని మోబ్లాం కొండ పేరు పెట్టుకున్న కంపెనీది, మోబ్లాం 149 అని 1952 నుంచి వస్తున్న పెద్ద పెన్నుంది. ఒప్పందాల మీద సంతకాలప్పుడు తెరమీద కనిపించే లావుపాటి నల్లటి శాల్తీ. పాళీ మీద 4810 అని ఉంటుంది, ఆ కొండ ఎత్తు మీటర్లలో. దాని ధరకి మనూళ్ళో స్కూటరొస్తుంది. జిన్‌హావ్ 159 సరిగ్గా దాని వాటంతోనే ఉంటుంది, ధరకి స్కూటరు కాదు గదా, దాన్లో పెట్రోలు వస్తుందంతే. కానీ తూకం వేస్తే? మోబ్లాం రెజిన్ అనే ప్లాస్టిక్‌తో చేసింది, 30 గ్రాముల పైచిలుకు. జిన్‌హావ్ లోపల ఇత్తడి, దాదాపు 50 గ్రాములు. తూకానికి కొనే పాత సామాన్ల బండివాడు ఎవరిని అసలంటాడో వేరే చెప్పాలా?

పాళీల మీద రాతలు చూడండి. చవక పెన్నుల పాళీ మీద ఏళ్ళ తరబడి 'ఇరిడియం పాయింట్ జర్మనీ' అని చెక్కి ఉండేది. పాళీ చివర అరిగిపోకుండా గట్టి లోహపు గింజ అతికిస్తారు. ఒకప్పుడు ఇరిడియం, ఆస్మియం కలిసిన మిశ్రమం వాడేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ఎక్కువగా టంగ్‌స్టన్, రుథేనియం లాంటివి, ఖరీదైన పెన్నుల్లో కూడా. ఇక జర్మనీ మాటకొస్తే, ఆ పాళీల్లో చాలావాటికి జర్మనీ ఎక్కడుందో తెలీదు. అంటే ఆ మూడు మాటల్లో 'పాయింట్' ఒక్కటే నిజం. కొన్నిటి మీద 18 కె.జి.పి. అని ఉంటుంది. 18 క్యారెట్లు కనిపించగానే మనసు పొంగుతుంది, చివరి 'పి' పూతపోసిందని చెప్పేలోపు డబ్బులిచ్చేసి ఉంటాం. ఇందులో చైనాని అనడానికి మనకి నోరెక్కడిది? వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకుని పెళ్ళికెళితే, 'ఎంతలో పడిందొదినా?' అని అడుగుతారు గానీ, భూతద్దం తియ్యరు.

ఇలా రాస్తున్నానని నేను దొంగసరుకు తరఫు వకీలుని అనుకోకండి. నా తేడా నాకుంది. జిన్‌హావ్ వాడు పోలిక అరువు తెచ్చుకున్నాడు, కానీ క్యాపు మీద తన పేరే వేసుకున్నాడు. పక్కింటాయన చొక్కా చూసి అలాంటిదే కుట్టించుకున్నవాణ్ణి దొంగ అనం. పక్కింటాయన పేరు చెప్పి ఆయన పింఛను తీసుకొచ్చినవాణ్ణి అంటాం. సఫారీ లాంటి పెన్ను చేసి దాని మీద లామీ అనే చెక్కి, అసలు ధరలో సగానికి, 'దిగుమతి సుంకం లేని సరుకు' అని అమ్మేవాడున్నాడే, వాడు రెండోరకం. నాకు హీరో పేరుతో 'తుస్' మనే పెన్ను అంటగట్టినవాడూ వాడి తమ్ముడే. మోబ్లాంని మోసగించడానికి కనీసం నక్షత్రం గుర్తు సరిగ్గా పొదగాలి, కష్టపడాలి. హీరోకి కూడా నకిలీ చేసేవాడి బీదరికం తలుచుకుంటే నాకు కోపం నిలవడం లేదు.

స్వచ్ఛత గురించి ఇంతకంటే పట్టింపు కావాలంటే రాజమండ్రి వెళ్ళాలి. గాంధీగారికి ఇచ్చిన తొలి పెన్నులో విదేశీ భాగాలున్నాయని తిరిగొచ్చిందనీ, మళ్ళీ అన్నీ ఇక్కడే చేసి పంపితే అప్పుడు మెచ్చుకున్నారనీ రత్నం పెన్నుల కథ చెప్పుకుంటారు. 1935లో ఆయన రాసిన ఉత్తరం వాళ్ళకి ఇప్పటికీ గర్వకారణం. అది మహాత్ముల పరీక్ష. నేను నెగ్గలేను. నా చొక్కా బొత్తాలే ఎక్కడివో నాకు తెలీదు.

కాబట్టి ప్రభుత్వానికి నా ప్రతిపాదన ఏమిటంటే, నకిలీలకు కూడా ఒక ధ్రువీకరణ ఉండాలి. ఇది ఫలానా అసలుకు నేరుగా నకిలీయే తప్ప, మధ్యలో వేరే నకిలీ ప్రమేయం లేదని ఒక కాగితం. కొత్త మండలి, దానికో ఛైర్మన్, ఆయనకో కారు అక్కర్లేదు (ఇస్తానంటే నేను కాదనను). యంత్రాంగం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. టెన్త్ మార్కుల జాబితా జిరాక్సు తీయించి, గెజిటెడ్ ఆఫీసరు ఇంటి అరుగు మీద గంట కూర్చుని, ఆకుపచ్చ సిరాతో 'ట్రూ కాపీ' అని సంతకం పెట్టించుకున్న జాతి మనది. నిజమైన నకలు! ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా ఇమిడాయని మనలో ఒక్కడు అడిగాడా? కాగితానికున్న గౌరవం కలానికి ఎందుకుండకూడదు?

మాటలతో సరిపెట్టడం ఇష్టంలేక నేనే మొదలుపెట్టాను. మా వీధిలో రిటైరవడానికి దగ్గరపడ్డ ఒక గెజిటెడ్ ఆఫీసరుగారున్నారు. ఆదివారం పొద్దున్న నా 616 తీసుకుని వెళ్ళాను. తెల్లకాగితం మీద నేనే రాసి తీసుకెళ్ళాను: 'ఈ పెన్ను పార్కర్ 51కి నకలైన హీరో 616కి యథాతథ నకలు అని ధ్రువీకరించడమైనది.' ఆయన రెండుసార్లు చదివారు. సర్వీసులో ఇంతకంటే అర్థంలేని కాగితాల మీద సంతకం పెట్టి ఉంటారు కాబట్టి ఏమీ అడగలేదు. జేబు తడుముకున్నారు.

'గ్రీన్ పెన్ను ఆఫీసులో ఉండిపోయిందోయ్. నీదోసారి ఇలా ఇయ్యి.'

ఇచ్చాను. సంతకం పెట్టారు. కింద హోదా, తేదీ. పాళీ ఎక్కడా గీరుకోలేదు, సిరా ఎక్కడా కక్కలేదు. ఆయన ఆగి, కాగితం మూల మీద ఇంకో రెండు గీతలు గీసి చూసుకున్నారు.

'బాగా రాస్తోందే. మా నాన్నగారి దగ్గర సరిగ్గా ఇలాంటిదే ఉండేది. ఒరిజినల్ హీరో కదూ?'

అవునండీ అన్నాను. లోపల్నుంచి కాఫీ వచ్చింది, మనవడి ఇంజనీరింగ్ సీటు గురించి మాట్లాడుకున్నాం, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటి గేటు తీస్తున్నప్పుడు గుర్తొచ్చి జేబు చూసుకున్నాను. ధ్రువపత్రం నా దగ్గరుంది. పెన్ను ఆయన జేబులో ఉంది.