దెబ్బ కనబడితేనే తీర్పు

కోనసీమ అరుగుల మీద కొలువుదీరే పెద్దమనుషులకు, మొగుడి మీద మొర పెట్టుకోవడానికి వచ్చిన పిల్లను అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న తెలుసు: "కొట్టాడా అమ్మా?" కొట్టలేదని ఆ పిల్ల నిజం చెప్పిందా, తగవు తీరిపోయినట్టే, ఆపైన తాపేశ్వరం కాజాలు వస్తాయి, అల్లుడుగారి మంచితనం మీద ఉపన్యాసాలు వస్తాయి.

విచారణ ఎంత నిష్పక్షపాతంగా సాగుతుందో మీకు తెలియనిది కాదు. పిల్ల బళ్లో పంతులమ్మ. జీతం ఆమెది, ఏటీఎం కార్డు ఉండేది ఆయన జేబులో. రావులపాలెం వెళ్లి వస్తే బస్సు టిక్కెట్టు చూపించాలి, ఎవరెవరితో మాట్లాడిందో రాత్రి ఫోను తెరిచి అప్పజెప్పాలి. కూరలో ఉప్పు తగ్గితే ఆయన కేకలు వేయడు, వారాల తరబడి ఆమెతో మాట్లాడడు. ఇదంతా విన్న మొదటి పెద్దాయన, ప్రేమ ఎక్కువైన మగాడు అలాగే ఉంటాడని తేల్చేస్తారు. రెండో ఆయన, ఆడపిల్లకు లెక్కల బరువెందుకని కార్డు తానే మోస్తున్నాడు పాపం అంటూ కండువాతో కళ్లొత్తుకుంటారు. మూడో ఆయన శాస్త్రీయ దృష్టి గలవారు కనుక చేతులు చూపించమంటారు. మోచేతి దగ్గర ఒక మచ్చ దొరికి సభలో కదలిక వస్తుంది గానీ, అది పెనం తగిలి కాలిందని పిల్లే ఒప్పుకోవడంతో కేసు వీగిపోతుంది. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి లోపల నీళ్లెన్నో చెప్పగల ఈ మహానుభావులకు, మొగుడు దగ్గగానే మాట మింగేసిన మనిషి లోపల ఏముందో మాత్రం అంతుపట్టదు.

పార్లమెంటే తొందరపడింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం, కొట్టడంతో పాటు లైంగిక హింసనూ, మాటలతో పొడవడాన్నీ, మనసుతో ఆడుకోవడాన్నీ, డబ్బు చేతికి అందనివ్వకపోవడాన్నీ హింసగానే లెక్కగట్టింది. ఆ కబురు ఇంకా గోదావరి దాటి మా అరుగుల దాకా రాలేదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే సాయం దొరుకుతుంది నిజమే, ఆ ఫోను మొగుడి దిండు కింద ఉంటుంది.

ఆఖరున తీర్పు: "సర్దుకుపో అమ్మా, మళ్లీ ఏదైనా జరిగితే అప్పుడు చూద్దాం." ఇంకా ఏం జరగాలండీ? తన జీతంలోంచి పది రూపాయలకు ఆమె చెయ్యి చాచడం జరగడం కాదా? కన్నతల్లే పరువు పేరు చెప్పి, బట్టల సంచి చేతికిచ్చి, ఏడుస్తున్న కూతుర్ని తిరుగు బస్సు ఎక్కించడం జరగడం కాదా? మీరు కాచుకుని కూర్చున్నది జరిగిన రోజున, పెళ్లయి 7 ఏళ్లు నిండకపోతే తహసీల్దారుగారే వచ్చి శవపంచనామా చేయిస్తారు. సాక్షి సంతకాలకు మిమ్మల్నే పిలుస్తారు. వెళ్లి మచ్చలు తీరిగ్గా లెక్కపెట్టుకోండి.