పై మెట్టు పరువు

ఫిన్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు, సౌనాలు, అంటే ఆవిరి స్నానపు గదులు, 30 లక్షల పైచిలుకు. దేశమంతా ఒకేసారి చెమట పట్టించుకోవాలనుకున్నా చోటుకు కొదవ లేదు. పార్లమెంటు భవనంలోనూ ఒక సౌనా ఉంది. 2020లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని వారసత్వ జాబితాకు ఎక్కించింది. ఇంతటి విషయంలో తెలుగుజాతి వైఖరి ఏమిటో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఆ దేశంలోని ఎస్పో నగరంలో కాపురం ఉంటున్న పాపానికి ఆ భారం నేనే మోస్తున్నాను.

ముందు స్నానం చేయాలి. స్నానం చేసి స్నానానికి వెళ్లడమేమిటని అడగకండి, మడి మనకు కొత్త కాదు. తర్వాత బట్టలన్నీ విప్పాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేళలు వేరు. కింద పరచుకోవడానికి ఒక తువ్వాలు. ఉంగరాలు, గొలుసులు తీసేయాలి. చిక్కంతా ఇక్కడే. బట్టలు విప్పడానికి ఒప్పుకున్న మిత్రుడొకడు మెడలోని నాలుగు తులాల గొలుసు తీయడానికి మాత్రం ససేమిరా అన్నాడు. 80 డిగ్రీల గదిలో బంగారం అతని ఛాతీ మీద అచ్చుపడింది, లంకెలు లెక్కపెట్టుకోవచ్చు.

లోపల మెట్లు మెట్లుగా చెక్క అరుగులు, మూలన రాళ్లు పేర్చిన పొయ్యి. గరిటెడు నీళ్లు పోస్తే చుయ్యిమని లేచే ఆవిరి పేరు ‘లోయ్లు’. థర్మామీటరు కదలదు గానీ చెవులు మండుతాయి. ఆవిరి ఒంటి మీద నీరుగా మారుతూ మోసుకొచ్చిన వేడినంతా మనకే అప్పజెప్పి పోతుంది. ఆపైన బర్చ్ కొమ్మల కట్టతో వీపు బాదుకోవాలి. వేపమండలతో దయ్యాన్ని దించడం చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. ఆ కట్టను పడమటివారు ‘విహ్తా’ అంటారు, తూర్పువారు ‘వస్తా’ అంటారు, ఏది సరైనదో ఇంకా తేలలేదు.

జాగ్రత్తలు కొన్నే. మందు తాగి వెళ్లకూడదు, మంచినీళ్లు తాగుతుండాలి, గుండెజబ్బు ఉంటే డాక్టరును అడగాలి, తల తిరిగితే దిగిపోవాలి. చివరిది తప్ప అన్నీ సులభం.

వేడి పైకి పోతుంది కాబట్టి పై మెట్టే అసలు కొలిమి. హెయినోలా పట్టణంలో 1999 నుంచి ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని ప్రపంచ పోటీలే పెట్టారు. 110 డిగ్రీలు, అరనిమిషానికోసారి అరలీటరు నీళ్లు. 2010 ఫైనల్లో ఒకరు చనిపోయారు, మరొకరు ఆస్పత్రి పాలయ్యారు. దాంతో పోటీలు ఆపేశారు. మనకైతే పోటీలు ఎవరూ పెట్టనక్కర్లేదు. ఇద్దరు తెలుగువాళ్లు, ఒక పై మెట్టు చాలు.

మొన్న ఫిబ్రవరిలో ఒక సరస్సు ఒడ్డు సౌనాకు మా బావమరిదిని తీసుకెళ్లాను. వాడిది పల్నాడు. “మా ఊరి ఎండ ముందు ఇదెంత బావా” అంటూ నేరుగా పైకెక్కాడు. ఆడపిల్లనిచ్చినవాళ్ల ముందు నేను కింద కూర్చోవడం ఎలా? పక్కన డెబ్బై దాటిన ఫిన్లాండ్ పెద్దాయన పది నిమిషాలు మౌనంగా కూర్చుని, దిగి, వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే గడ్డకట్టే చలిలో ఒళ్లంతా పొగలు కక్కుతూ తీరిగ్గా నీళ్లు తాగుతున్నాడు.

బావమరిది గరిటెడు పోశాడు. నేను రెండు పోశాను. ముక్కు లోపల వెంట్రుకలు కాలుతున్నట్టుంది.

“ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానేమో, ఒకసారి ఫోను చేసి వస్తాను” అన్నాను. ఇల్లు ఇరవై కిలోమీటర్లు.

తలుపు మూసుకునేలోపే వాడూ నా వెనక బయటపడి, గోడకు ఆనుకుని, రొప్పుతూ అడిగాడు: “పొంగలేదు కదా బావా?”